చివరి తలుపు మాదే: టెక్సస్‌లోని ఒక ప్రత్యామ్నాయ పాఠశాల రేటింగ్ కేసు

ఈ కేసు 2018 సెప్టెంబరులో మొదలై 2019 ఆగస్టులో ఒక దశకు చేరింది. పాఠశాల టెక్సస్ రాష్ట్రంలోని ఒక నగరంలో ఉంది. నగరం పేరు, పాఠశాల పేరు, అక్కడివారి వివరాలు ఇక్కడ ఉండవు. విద్యార్థుల సంఖ్యలను కూడా నిష్పత్తులు చెడకుండా కొద్దిగా మార్చాను. నేను పాఠశాలలు రాష్ట్రానికి పంపే డేటా నివేదికల మీద పనిచేసే కన్సల్టెంటును. డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ల మాటల్లో, రాష్ట్రం పాఠశాలలకు ‘ఏ’ నుంచి ‘ఎఫ్’ దాకా అక్షరాలతో ఇచ్చే రేటింగ్ ప్రస్తావన ఎక్కువగా ఇల్లు కొనేటప్పుడే వస్తుంది: ఏ హైస్కూలుకు ‘ఏ’ వచ్చింది, ఆ హైస్కూలు పరిధిలో ఇళ్ల ధర ఎంత. అదే అక్షరం ఒక చిన్న పాఠశాల ఉనికినే ఎలా తేలుస్తుందో, ఆ అక్షరం వెనుక ఉన్న లెక్క ఎవరిని చూస్తుందో, ఎవరిని చూడదో ఈ కేసులో నాకు తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియలేదు.

నేపథ్యం

ఇది డ్రాపవుట్ రికవరీ పాఠశాల, అంటే చదువు మధ్యలో మానేసినవారిని, మానేసే దశలో ఉన్నవారిని తిరిగి తీసుకుని హైస్కూల్ డిప్లొమా వరకు నడిపించడానికి పెట్టిన పాఠశాల. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఉన్న ఒకే ఒక ప్రాంగణం గల చార్టర్, అంటే రాష్ట్రం అనుమతితో, ప్రభుత్వ నిధులతో విడిగా నడిచే పాఠశాల. ఉదయం ఒక విడత, సాయంత్రం ఒక విడత తరగతులు జరుగుతాయి. ఏ రోజు చూసినా 240 మంది దాకా ఉంటారు గాని, ఏడాది మొత్తంలో ఆ గడప దాటి లోపలికి వచ్చినవారు 500 మందికి తక్కువ కారు. పిల్లల తల్లులు, తండ్రులు అయినవారు, రాత్రి షిఫ్టులో గిడ్డంగుల్లో పనిచేసేవారు, బాలనేర న్యాయస్థానం పర్యవేక్షణలో ఉన్నవారు, పందొమ్మిదేళ్లు వచ్చినా నాలుగైదు క్రెడిట్లు మాత్రమే ఉన్నవారు వారిలో ఉన్నారు. పూర్తిచేసిన కోర్సులకు వచ్చే ఈ క్రెడిట్లు డిప్లొమాకు కనీసం 22 కావాలి.

ఇలాంటి పాఠశాలలను మామూలు హైస్కూళ్ల కొలబద్దతో కొలవడం సరికాదన్న ఆలోచన టెక్సస్‌లో 1990ల మధ్య నుంచే ఉంది. ప్రస్తుత పద్ధతిలో, విద్యార్థుల్లో కనీసం 75 శాతం మంది చట్టం నిర్వచించిన, చదువు మానేసే ‘ప్రమాదంలో ఉన్న’ వర్గానికి చెంది, కనీసం సగం మంది ఆరు నుంచి పన్నెండో తరగతుల్లో ఉంటే ఆ ప్రాంగణం ప్రత్యామ్నాయ విద్యా జవాబుదారీ విధానం కింద నమోదు చేసుకోవచ్చు. నమోదైన పాఠశాలకు రెండు ముఖ్యమైన వెసులుబాట్లు దొరుకుతాయి. మార్కులను గ్రేడుగా మార్చే పట్టిక వేరుగా ఉంటుంది. పట్టభద్రత శాతంలో డిప్లొమా పొందినవారినే కాక, ఇంకా చదువు కొనసాగిస్తున్నవారిని, హైస్కూలుకు సమానమైన ధ్రువపత్రం, అంటే జనం జీఈడీ అని పిలిచేది, పొందినవారిని కూడా విజయంగానే లెక్కిస్తారు. అయిదో ఏడూ ఆరో ఏడూ చదువుతున్న విద్యార్థి మామూలు హైస్కూలు లెక్కలో వైఫల్యంగా కనిపించవచ్చు. ఇక్కడ అలా కనిపించడు.

వచ్చిన సమస్య

2017లో పాత సూచీల పద్ధతిలోనూ, 2018లో కొత్త మూడు విభాగాల పద్ధతిలోనూ ఈ పాఠశాలకు అట్టడుగు రేటింగే వచ్చింది. 2013లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం, వరుసగా మూడేళ్లు ఆమోదయోగ్యం కాని రేటింగ్ పొందిన చార్టర్‌ను రద్దు చేయక తప్పదు. ఆ రద్దు విషయంలో అధికారులకు విచక్షణ దాదాపు లేదు. అంటే 2019 ఆగస్టు రేటింగే చివరి అవకాశం. ప్రిన్సిపాల్ నన్ను పిలిచినప్పుడు చెప్పిన సమస్య ఒక్క ముక్కలో ఉంది: పిల్లలు స్టార్ పరీక్షల్లో, అంటే రాష్ట్రం పెట్టే పరీక్షల్లో, తప్పుతున్నారు, వారిని గట్టెక్కించే మార్గం డేటాలో చూపించాలి.

సమస్యను ఆమె చెప్పిన రూపంలోనే తీసుకుని ఉంటే నేను కూడా అందరిలాగే ఆల్జీబ్రా మార్కుల పట్టికలు గీసి ఇచ్చి వచ్చేవాణ్ని. కాని ముందుగా ఒక ప్రశ్నకు జవాబు కావాలనిపించింది: ఇప్పటి నుంచి వచ్చే ఆగస్టు లోపల, రేటింగులోని ఏ భాగం ఇంకా కదలగలదు?

హైస్కూలుకు విద్యార్థుల సాధన అనే విభాగంలో పరీక్షలకు 40 శాతం, కళాశాల, ఉద్యోగ, సైనిక సంసిద్ధతకు 40 శాతం, పట్టభద్రతకు 20 శాతం బరువు ఉంటుంది. ఈ విభాగం, పురోగతి విభాగం రెండింట్లో ఏది మెరుగైతే అది మొత్తం రేటింగులో 70 శాతం. మిగతా 30 శాతం వివిధ వర్గాల విద్యార్థుల మధ్య అంతరాల తగ్గింపు విభాగానిది. ఈ పాఠశాల విషయంలో పురోగతి విభాగం సాయపడేలా లేదు, ఎందుకంటే అక్కడి విద్యార్థుల్లో చాలామంది అదే పరీక్షను రెండోసారి, మూడోసారి రాస్తున్నవారు. ముందటి ఏడాది మార్కుతో పోల్చి పెరుగుదల కట్టడానికి వీలయ్యేవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. సంసిద్ధత భాగం ఏడాది వెనక నడుస్తుంది: 2019 రేటింగులోకి వచ్చేది 2018లో డిప్లొమా తీసుకున్నవారి లెక్క, వారు జూన్‌లోనే వెళ్లిపోయారు. ఇక మిగిలినవి పరీక్షలు, పట్టభద్రత. పట్టభద్రత బరువు మొత్తంలో రూపాయికి పద్నాలుగు పైసలు. ఆ కొంచెం కోసం పరీక్షలను పక్కన పెట్టమని చెప్పడానికి నాకు బలమైన కారణం కావాలి.

అప్పటికే చేసి చూసినవి

అంతకుముందు ఏడాది పాఠశాల శనివారం తరగతులు పెట్టింది, సాధన కోసం ఒక సాఫ్ట్‌వేర్ కొన్నది, ఆల్జీబ్రా కోసం మరో ఉపాధ్యాయుణ్ని తీసుకుంది. పిల్లలు నిజంగానే కొంత మెరుగుపడ్డారు. రేటింగు మాత్రం కదలలేదు. ఎందుకు కదలలేదన్నది ప్రిన్సిపాల్‌ను అన్నిటికంటే ఎక్కువగా బాధించిన ప్రశ్న. ఆమె దానికి ఉపాధ్యాయుల వైపు జవాబు వెతుకుతున్నారు.

శనివారం తరగతుల హాజరు పట్టీ తీసుకుని, ఒక్కో పేరుకు ఎదురుగా ఆ విద్యార్థి అక్టోబరు చివరి శుక్రవారం నాడు ఈ పాఠశాలలో నమోదై ఉన్నాడా లేదా అని రాశాను. టెక్సస్‌లో ఆ రోజును స్నాప్‌షాట్ అంటారు. ఆ రోజు ఒక ప్రాంగణంలో ఉండి, పరీక్ష రోజున కూడా అదే ప్రాంగణంలో ఉన్న విద్యార్థి మార్కులే ఆ ప్రాంగణం రేటింగులోకి వస్తాయి. పట్టీలో ఉన్న 41 మందిలో అలాంటివారు 15 మంది. మిగిలిన 26 మంది నవంబరు తర్వాత వచ్చినవారు. వారికి చెప్పిన పాఠం వారికి పనికొచ్చింది. రేటింగుకు మాత్రం వారు కనిపించనే కనిపించరు. ఉపాధ్యాయుల తప్పేమీ లేదు.

ఈ నిబంధన అన్యాయమైనదని నేను అనను. ఫిబ్రవరిలో వచ్చి ఏప్రిల్లో పరీక్ష రాసినవాడి మార్కుకు ఈ పాఠశాలను బాధ్యురాలిగా చేయకపోవడం న్యాయమే. చిక్కు దాని పక్కనే ఉన్న మరో లెక్కతో వచ్చింది. డ్రాపవుట్ల విషయంలో అక్టోబరు స్నాప్‌షాట్ లాంటి రక్షణ లేదు. విద్యార్థి నాలుగేళ్లలో ఎన్ని పాఠశాలలు మారినా, చివరిగా చదివిన ప్రాంగణానిదే అతని తుది స్థితి. ఒక పెద్ద హైస్కూల్లో మూడున్నరేళ్లు గడిపి, అక్కడ క్రెడిట్లు పోగొట్టుకుని, ఇక్కడ మూడు వారాలు కూర్చుని కనబడకుండా పోయినవాడు ఈ పాఠశాల డ్రాపవుట్. పాఠశాల స్వభావమే చివరి తలుపు కావడం. ఒకే రేటింగులో పరీక్షల కోసం ఒక గుంపును, బడి మానడం కోసం ఇంకో గుంపును లెక్కిస్తున్నారని ప్రిన్సిపాల్‌కు గాని, బోర్డుకు గాని అంతవరకు ఎవరూ కాగితం మీద పెట్టి చూపలేదు.

దీనితో పట్టభద్రత వైపు చూడడానికి కావలసిన కారణం దొరికింది. పరీక్షల భాగం వచ్చే వసంతంలో తేలుతుంది, దాని కోసం ఏడాది ఉంది. పట్టభద్రత భాగంలో 2019కి లెక్కయ్యేది 2018 తరగతి. దాని తుది స్థితిని తేల్చే గడువు సెప్టెంబరు చివరి శుక్రవారం, ఆ ఏడాది 28వ తేదీ. ఆ లోపల ఏ ప్రభుత్వ పాఠశాలలోనైనా తిరిగి చేరిన విద్యార్థి డ్రాపవుట్ కాడు. నేను పని మొదలుపెట్టింది 17వ తేదీ సోమవారం.

విఫలమైనవి

నేను వెళ్లేసరికే పాఠశాల 2018 రేటింగు మీద అప్పీలు పంపి ఉంది. తమ రిజిస్ట్రార్ తప్పుగా వేసిన కోడ్‌లను సరిదిద్ది మళ్లీ లెక్క కట్టమని అందులో కోరారు. అది నెగ్గదని నాకు తెలుసు. అప్పీలు అన్నది రాష్ట్ర సంస్థ, ప్రాంతీయ సేవా కేంద్రం, పరీక్షల కాంట్రాక్టరు చేసిన తప్పులకే గాని, పాఠశాల తానే పంపిన డేటాలోని తప్పులకు కాదు. అనుకున్నట్టే తిరస్కరించారు. దాని మీద వేసవి చివరి వారాలు ఖర్చయ్యాయి. ఆ వారాలు ఫోన్లు చేయడానికి వాడి ఉంటే ఈ కేసు ఇంత ఉత్కంఠగా ఉండేది కాదు.

సెప్టెంబరు 17న నా మొదటి సలహా కూడా విఫలమైంది. వెళ్లిపోయినవారందరికీ ఇంటికి ఉత్తరాలు పంపమన్నాను, ఎందుకంటే ప్రయత్నం చేశామనడానికి అవి రుజువుగా ఉంటాయని. పంపినవాటిలో చాలా భాగం చిరునామా మారిందన్న ముద్రతో తిరిగి వచ్చాయి. అద్దె కట్టలేక ఏడాదికి రెండిళ్లు మారే కుటుంబాలకు ఉత్తరం రాయమనడం నా అనుభవలేమి. కౌన్సెలర్ అప్పుడే ఆ మాట అన్నారు, నేను వినలేదు.

మూడోది ప్రయత్నించకుండా వదిలేసినది. 28వ తేదీ లోపల పాత విద్యార్థులను ఎలాగైనా ఒక్కరోజుకు రప్పించి నమోదు చేస్తే చాలు కదా అని బోర్డు సభ్యుడొకరు సూచించారు. రికార్డు ప్రకారం ఆ విద్యార్థి తిరిగి వచ్చినట్టే. నేను రెండు కారణాలతో వద్దన్నాను. చదవాలన్న ఉద్దేశం లేనివాణ్ని చదువుతున్నాడని చూపడం డేటాను వంచడమే, ఇది మొదటిది. రెండోది అచ్చంగా లెక్కకు సంబంధించినది: మర్నాడు వెళ్లిపోయే ఆ విద్యార్థి వచ్చే ఏడాది అయిదేళ్ల శాతంలో మళ్లీ ఇదే తలుపు దగ్గర డ్రాపవుట్‌గా నిలబడతాడు. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు. బోర్డులో మొదటి కారణానికంటే రెండో కారణానికే ఎక్కువ తలలు ఊగాయని నిజాయతీగా చెప్పాలి.

నాలుగోది ఇంకా ప్రమాదకరమైనది. కనీసం పది క్రెడిట్లు లేనివారిని ఇక మీదట చేర్చుకోకూడదన్న ప్రతిపాదన వచ్చింది. చదువులో స్థాయిని బట్టి విద్యార్థులను వడపోయడం ఇలాంటి (ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్) చార్టర్లకు చట్టం నిషేధించింది. కాబట్టి చర్చ అక్కడే ముగియవచ్చు. అయినా నేను ఎల్ పాసో సంగతి ఎత్తాను. అక్కడి ఒక పెద్ద పాఠశాల జిల్లాలో పదో తరగతి పరీక్ష ఫలితాలు మెరుగ్గా కనిపించడం కోసం బలహీన విద్యార్థులను ఆ తరగతి పరీక్షకు అందకుండా చేసిన వ్యవహారంలో 2012లో సూపరింటెండెంటుకు ఫెడరల్ జైలు శిక్ష పడింది. తలుపు దగ్గర లెక్క సరిచేసుకోవాలన్న ఆశ ఎక్కడిదాకా తీసుకువెళుతుందో ఈ రాష్ట్రంలో చూసిన ఉదాహరణ అది.

పనిచేసినవి

ఇక పన్నెండు రోజుల పని. 2018 తరగతిలో, అంటే నాలుగేళ్ల కిందట తొమ్మిదో తరగతి మొదలుపెట్టి చివరికి ఈ తలుపు దగ్గర తేలినవారిలో, 96 మంది ఉన్నారు. అప్పటికి ఉన్న రికార్డుల ప్రకారం డిప్లొమా పొందినవారు 30, చదువు కొనసాగిస్తున్నవారు 14, జీఈడీ పొందినవారు 5, డ్రాపవుట్లు 47. అంటే రాష్ట్రం ఈ పాఠశాలకు కట్టే శాతం 51. ఆ 47 మందిలో 13 మంది అంతకుముందు ఏళ్లలో మానేసినవారు, వారి ఫైళ్లు మూసేశారు, సవరించడానికి లేదు. మిగిలిన 34 మంది గత ఏడాదివారు. వారందరికీ లీవర్ కోడ్ 98 వేసి ఉంది.

లీవర్ కోడ్ అంటే విద్యార్థి ఎందుకు వెళ్లాడో చెప్పే అంకె. వేరే రాష్ట్రంలో చేరితే 82, స్వదేశానికి తిరిగి వెళితే 16, ఇంటి దగ్గరే చదువుకుంటే 60, టెక్సస్‌లో ప్రైవేటు పాఠశాలకు వెళితే 81. కారణం తెలియకపోయినా, మరే కోడూ సరిపోకపోయినా 98, అది డ్రాపవుట్ కిందే లెక్క. (మన రాష్ట్రాల్లో యూడైస్ ప్లస్‌లో పేర్లు ఎక్కించే ఉపాధ్యాయులకు డ్రాప్ బాక్స్‌లో పడ్డ పేర్ల గొడవ తెలిసే ఉంటుంది, మూలం ఒకటే.) ఈ పాఠశాల రిజిస్ట్రార్ పది రోజులు వరుసగా రాని ప్రతి విద్యార్థికీ 98 వేసి పేరు తీసేసేవారు. అది సోమరితనం అనుకున్నాను. కాదు. 2003లో హ్యూస్టన్‌లో డ్రాపవుట్లను వేరే కోడ్‌ల కింద చూపిన వ్యవహారం బయటపడ్డాక రుజువు లేని కోడ్ వేయడమంటే ఆమె తరం ఉద్యోగులకు భయం. తెలియనప్పుడు 98 వేయడమే నిజాయతీ అని ఆమె నమ్మారు. ఆ నమ్మకంలో తప్పు లేదు. తెలుసుకోవడం ఎవరి పని అన్నది మాత్రం పాఠశాలలో ఎవరికీ అప్పగించలేదు.

ఆ 34 పేర్లకు ఆ ఏడాదే మానేసిన మిగతా తరగతులవారి పేర్లు కూడా కలిపితే, ముందు ఎవరికి ఫోన్ చేయాలన్న దగ్గర మాకు భేదాభిప్రాయం వచ్చింది. నేను తయారుచేసిన వరుస రేటింగు ప్రకారం ఉంది: 2018 తరగతివారు ముందు, మిగతా తరగతులవారు వెనుక. నా జాబితాలో అట్టడుగున ఒక పదహారేళ్ల అమ్మాయి ఉందని, ఆమెకు ఇంకా రెండేళ్ల చదువు మిగిలి ఉందని, పందొమ్మిదేళ్లు నిండేదాకా బడి తప్పనిసరి అన్న రాష్ట్రంలో ఆమెను చివరికి నెట్టడానికి మీకున్న కారణం ఏమిటని కౌన్సెలర్ అడిగారు. నా దగ్గర ఉన్న కారణం పైన చెప్పిన పద్నాలుగు పైసలే. ఇద్దరికీ కుదిరిన మార్గం మూడోది: తరగతితో, వయసుతో నిమిత్తం లేకుండా, ఎవరితో చివరిసారి మాట్లాడి తక్కువ కాలమైందో వారితో మొదలుపెట్టడం. కొత్తగా వెళ్లినవారి ఫోన్ నంబర్లు ఇంకా పనిచేస్తాయి. మూడు వారాల కిందట మాట్లాడినవారిని పట్టుకోవడం మూడు నెలల కిందటివారిని పట్టుకోవడం కంటే ఎంత సులువో రెండో రోజుకే తెలిసిపోయింది. ఆ అమ్మాయి దొరికింది, తిరిగి చేరింది. 2019 రేటింగులోని పట్టభద్రత లెక్కలో ఆమెకు చోటే లేదు.

ఫోన్లు జరుగుతుండగా నేను పేర్ల మీద పడ్డాను. రాష్ట్రం ప్రతి విద్యార్థికీ ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఇస్తుంది, మరో టెక్సస్ ప్రభుత్వ పాఠశాలలో చేరితే ఆ సంఖ్య ద్వారా దానంతటదే కనబడుతుంది, కోడ్ వేయవలసిన అవసరమే ఉండదు. అలాంటప్పుడు పక్క ఊరి పాఠశాలలో ఉన్నానని ఫోన్‌లో చెప్పిన కుర్రాడు మా జాబితాలో ఎందుకున్నాడు? ఇంటిపేరు ముందా వెనకా, మొదటి పేరు ఏది, చివరి పేరు ఏది అని వీసా కాగితాల దగ్గర తల పట్టుకున్న తెలుగువాణ్ని కాబట్టి నాకు అనుమానం వెంటనే అటు వెళ్లింది. లాటిన్ అమెరికా కుటుంబాల్లో తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ ఉంటాయి. ఒక పాఠశాల రెండూ రాస్తే ఇంకో పాఠశాల ఒకటే రాసింది, పుట్టిన తేదీలో నెల, రోజు తారుమారయ్యాయి, అలా ఒకే మనిషికి రెండు గుర్తింపు సంఖ్యలు పుట్టాయి. ఇలాంటివారు ఎనిమిది మంది తేలారు. ఎనిమిది మందీ ఎక్కడో ఒకచోట చదువుతూనే ఉన్నారు.

వేరే రాష్ట్రాలకో, మెక్సికోకో వెళ్లినవారు పదిమంది దాకా ఉన్నారని ఫోన్లలో తెలిసింది గాని, కాగితం దొరికింది ఆరుగురికే: కొత్త పాఠశాల నుంచి మార్కుల రికార్డు కోసం వచ్చిన అభ్యర్థన, లేదా తల్లిదండ్రుల సంతకంతో కూడిన ప్రకటన. మిగిలినవారి విషయంలో పొరుగింటివారి మాట తప్ప ఏమీ లేదు. వారికి 98 అలాగే ఉంచాం. ఈ నిర్ణయం రిజిస్ట్రార్‌కు నా మీద నమ్మకం కలిగించింది, తర్వాతి ఏడాది పనంతా ఆ నమ్మకం మీదే నడిచింది.

ఇద్దరు జీఈడీ పూర్తి చేసి ఉన్నారు. పేరు తేడా వల్ల రాష్ట్ర జాబితాతో కలవలేదు. 28వ తేదీ సాయంత్రానికి ఆ 34 మందిలో పదకొండు మంది తిరిగి చేరారు. వారిలో ఎక్కువమంది చెప్పిన కారణం ఒకటే: వేసవిలో పని దొరికింది, ఆగస్టులో ఎవరూ పిలవలేదు, ఇక మా పేరు తీసేసి ఉంటారనుకున్నాం. వారికి సాయంత్రం విడతలో చోటిచ్చి, నిమిషాల లెక్కన హాజరు కట్టే రాష్ట్ర సౌలభ్య కార్యక్రమం కింద చేర్చారు.

లెక్క ఇలా మారింది. వేరే చోట చదువుతున్న ఎనిమిది మంది, రాష్ట్రం, దేశం విడిచిన ఆరుగురు ఈ తరగతి నుంచే తొలగిపోగా 82 మంది మిగిలారు. వారిలో డిప్లొమా 30, కొనసాగుతున్నవారు 25, జీఈడీ 7, డ్రాపవుట్లు 20. 51 శాతం 75.6 అయింది. డిసెంబరు సమర్పణకు ముందు ప్రతి ఫైలునూ ప్రిన్సిపాల్, రిజిస్ట్రార్, నేను ముగ్గురం చూసి సంతకాలు చేశాం.

ఆ తర్వాత ఏడాది పొడుగునా చేసినవి చెప్పుకోవడానికి చాలా మామూలు పనులు. చేర్చుకునే రోజునే తల్లిదండ్రులు కాక మరో ముగ్గురి నంబర్లు తీసుకోవడం, వారిలో ఒకరు పనిచోట తెలిసినవారై ఉండడం. పదో రోజు కాక మూడో రోజే ఫోన్ చేయడం. జూన్‌లో బడి మూసేముందు ఒక్కొక్కరితో కూర్చుని సెప్టెంబరులో ఏ విడతకు వస్తారో రాయించుకోవడం.

జీఈడీ గురించి ఒక మాట చెప్పాలి. రాష్ట్ర లెక్కలో జీఈడీ కూడా విజయమే కనుక, క్రెడిట్లు తక్కువ ఉన్నవారందరినీ అటు మళ్లిస్తే శాతం త్వరగా పెరుగుతుందని ఒక ఉపాధ్యాయుడు అన్నారు. మేము దాన్ని విధానంగా చేయలేదు. పరీక్షల్లో తప్పిన విద్యార్థికి కూడా డిప్లొమా దారి పూర్తిగా మూసుకుపోలేదు: 2015 చట్టం ప్రకారం అయిదు పరీక్షల్లో రెండింటి వరకు తప్పినా, వ్యక్తిగత పట్టభద్రతా కమిటీ ద్వారా డిప్లొమా పొందే వీలుంది. ఆ కమిటీ సంగతి విద్యార్థికి చెప్పకుండా జీఈడీ కాగితం ముందు పెట్టడం అతన్ని మోసగించడమే. ఇద్దరు ముగ్గురు అన్నీ తెలిసే జీఈడీ ఎంచుకున్నారు, అది వారి ఇష్టం.

ఫలితం, ఇంకా తేలనివి

2019 ఆగస్టులో పాఠశాలకు ‘డి’ వచ్చింది. పట్టభద్రత భాగం అంతకుముందులా ఉండి ఉంటే మొత్తం మార్కు గీత కింద ‘ఎఫ్’లోనే ఆగేదని రాష్ట్రం ఇచ్చిన పట్టికతోనే లెక్క కట్టి చూశాను, తేడా నాలుగు మార్కులు. ‘ఎఫ్’ల వరుస తెగింది, చార్టర్ నిలిచింది. పరీక్షల భాగం దాదాపు ఎక్కడిదక్కడే ఉంది.

ఫెడరల్ లెక్కలో మాత్రం కథ వేరు. 2015 నాటి ఫెడరల్ విద్యా చట్టం ప్రకారం, మూడో వంతు లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులు పట్టభద్రులు కాని హైస్కూళ్లను సమగ్ర సహాయం అవసరమైనవిగా గుర్తించాలి. ఆ లెక్కలో కొనసాగుతున్నవారికీ, జీఈడీకీ చోటు లేదు. సాధారణ డిప్లొమా ఒక్కటే. 82 మందిలో 30, అంటే 36.6 శాతం. మేము ఎన్ని ఫైళ్లు సరిదిద్దినా ఈ శాతం 31 నుంచి ఇక్కడికే వచ్చింది. ఒకే పాఠశాల, ఒకే పిల్లలు, రాష్ట్రం దృష్టిలో 75.6, వాషింగ్టన్ దృష్టిలో 36.6. నాలుగు క్రెడిట్లతో పందొమ్మిదో ఏట వచ్చినవాడు నాలుగేళ్ల గడువులో డిప్లొమా పొందడం లెక్క ప్రకారమే కుదరదు. అతన్ని చేర్చుకున్న రోజునే ఆ ఫెడరల్ శాతం పడిపోతుంది. రాష్ట్ర శాతం ఈ పాఠశాలల పనికి దగ్గరగా ఉందని నా అభిప్రాయం. అయితే కొనసాగడాన్ని విజయంగా లెక్కించే పద్ధతిలో, విద్యార్థి ఏళ్ల తరబడి కొనసాగుతూనే ఉండి ఎక్కడికీ చేరకపోయినా లెక్క బాగానే కనిపిస్తుందన్న ఫెడరల్ వైపు వాదనను నేను తేలిగ్గా కొట్టివేయలేను. తిరిగి వచ్చిన పదకొండు మందే దానికి ఉదాహరణ.

ఆ పదకొండు మందిలో 2019 జూన్ నాటికి నలుగురు డిప్లొమా తీసుకున్నారు. ఇద్దరు ఇంకా చదువుతున్నారు. అయిదుగురు మళ్లీ వెళ్లిపోయారు. వారిలో ముగ్గురి నంబర్లు ఆగస్టుకు పనిచేయలేదు. ఆ అయిదుగురూ అయిదేళ్ల శాతంలో 2020 రేటింగులో డ్రాపవుట్లుగా రావలసినవారు. మహమ్మారి కారణంగా 2020లో రాష్ట్రం ఏ పాఠశాలకూ రేటింగు ఇవ్వలేదు, 2021లోనూ ఇవ్వలేదు; కనుక ఆ బాకీ ఎవరికీ కనబడలేదు. ఆ రోజు ఒక్కరోజు నమోదు వద్దని నేను చెప్పిన రెండో కారణం ఈ అయిదుగురి విషయంలో నాకు కూడా వర్తించిందని, వారు ఉండిపోతారన్న నమ్మకంతో చేర్చుకున్నామన్నది ఒక్కటే తేడా అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇదే కేసు మళ్లీ వస్తే నేను మొదటి వారమే కౌన్సెలర్ చేతికి జాబితా ఇచ్చి, వరుస ఆమెనే పెట్టమంటాను. పదకొండు మందికీ సాయంత్రం విడతలో చోటిచ్చాం గాని, వారిలో నలుగురికి రాత్రి షిఫ్టు ఉందన్న సంగతి నమోదు కాగితంలో అడగలేదు. ఆ గడి ఇప్పుడు ఆ పాఠశాల దరఖాస్తులో ఉంది, చిరునామా కంటే పైన.